క్వార్టర్, అద్దె ఇల్లు, సొంత ఇల్లు: బిలాస్‌పూర్ రైల్వే పట్టణం చెప్పే గృహ చరిత్ర

"ఇప్పుడే ఇల్లు కొనాలా, అద్దెకు ఉండి డబ్బు కూడబెట్టాలా?" ఈ ప్రశ్న వ్యక్తిగతంగా కనిపిస్తుంది. కానీ మీరు దీన్ని చరిత్ర విద్యార్థిగా చూస్తే ఇందులో వలస పాలన, కార్మిక ఉద్యమం, పింఛను విధానం, బ్యాంకు రుణం, అద్దె చట్టం అన్నీ కనిపిస్తాయి. బిలాస్‌పూర్ కుదుదండ్‌లో గది అద్దెకు తీసుకుని చదువుకుంటున్న మీలో చాలామందికి ఇది పరీక్ష ప్రశ్న మాత్రమే కాదు. నాన్నగారి రిటైర్మెంట్ దగ్గరపడింది, రైల్వే క్వార్టర్ ఖాళీ చేయాలి, చేతికి వచ్చే మొత్తాన్ని ఇంటికి పెట్టాలా వద్దా అని ఇంట్లో రోజూ మాటలు నడుస్తున్నాయి. అందుకే ఈ వ్యాసంలో ముందు చరిత్ర, తర్వాత లెక్క, చివర పరీక్ష కోణం చూద్దాం.

1. ఇల్లు జీతంలో భాగమైన కాలం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగ్‌పూర్ నుంచి రాజనందగావ్ దాకా అప్పటికే ఉన్న మీటర్ గేజ్ లైనును తీసుకుని బ్రాడ్ గేజ్‌గా మార్చి, బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ వరకు 1891 నాటికి పొడిగించింది. కట్ని వైపు మరో లైను ఇక్కడే కలిసింది. దాంతో అర్పా నది ఒడ్డున ఉన్న ఒక జిల్లా కేంద్రం పక్కన మరో ఊరు పుట్టింది. అదే రైల్వే పట్టణం.

ఆ ఊళ్లోకి తెలుగువాళ్లు ఎలా వచ్చారు? తూర్పు తీరం వెంట కటక్ నుంచి విజయవాడ దాకా రైలు మార్గం 1890లలో పడింది. దాని ఉత్తర భాగం తర్వాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది, వాల్తేరు ఆ కంపెనీ స్టేషను అయింది. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయ్యాక ఉత్తరాంధ్రకు, ఛత్తీస్‌గఢ్‌కు మధ్య నేరుగా దారి పడింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లిన కుటుంబాలు ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్, బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్లలో స్థిరపడ్డాయి. ఒకే కంపెనీ, ఒకే పట్టా. వలసకు దారి అదే చూపింది.

ఆ రోజుల్లో ఉద్యోగికి "కొనాలా, అద్దెకు ఉండాలా" అన్న ప్రశ్నే లేదు. కంపెనీ ఇల్లు ఇచ్చేది. అధికారులకు తోటతో బంగళాలు, కింది ఉద్యోగులకు వరుస ఇళ్లు. హోదాను బట్టి, జాతిని బట్టి కాలనీ విడిపోయి ఉండేది. వలస కాలపు కంటోన్మెంట్, సివిల్ లైన్స్ గురించి మీరు చదివిన విభజన ఇక్కడ రైలు పట్టాల పక్కన కనిపిస్తుంది. అడవులు, మైదానాల మధ్య కొత్తగా లేచిన ఊళ్లో అద్దె ఇళ్లు ఎక్కడ దొరుకుతాయి? మనుషుల్ని రప్పించి నిలబెట్టుకోవాలంటే ఇల్లు కట్టివ్వక తప్పదు. 1929లో నియమించిన విట్లీ కమిషన్, అంటే కార్మికులపై వేసిన రాయల్ కమిషన్, 1931 నివేదికలో కార్మికుల వసతిని ఒక ప్రధాన సమస్యగా పరిశీలించడానికి నేపథ్యం ఇదే.

2. ఇల్లు పగ్గం కూడా అయింది

యజమాని ఇచ్చిన ఇంట్లో ఉండటంలో ఒక మెలిక ఉంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఇల్లు.

రైల్వే కార్మికోద్యమంలో ఈ మెలిక బయటపడింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికులను సంఘటితం చేసిన నాయకుల్లో మన వి.వి. గిరి ముఖ్యులు. 1920ల చివర్లో ఖరగ్‌పూర్ సమ్మెలు ఈ లైనంతటికీ గుర్తుండిపోయాయి. కంపెనీ నిర్వహణ 1944లో ప్రభుత్వం చేతికి వచ్చింది. 1952లో ఈ లైను తూర్పు రైల్వేలోకి, 1955లో ఆగ్నేయ రైల్వేలోకి వెళ్లింది. యజమాని మారాడు కానీ క్వార్టర్ నియమం మారలేదు. 1974 మే 8న మొదలైన దేశవ్యాప్త రైల్వే సమ్మెలో జార్జ్ ఫెర్నాండెజ్ నాయకత్వాన లక్షల మంది పాల్గొన్నారు. అప్పుడు అనేక చోట్ల సమ్మెలో ఉన్నవారి కుటుంబాలను క్వార్టర్ల నుంచి ఖాళీ చేయించారు. సమ్మె మే 27 నాటికి ముగిసింది. ఒక తరానికి మాత్రం పాఠం మిగిలింది: మనది కాని కప్పు కింద హక్కుల కోసం నిలబడటం కష్టం.

అయినా క్వార్టర్‌ను తప్పుపట్టి ఊరుకుంటే చరిత్రను సగమే చదివినట్టు. బడి, ఆసుపత్రి, ఆటస్థలం దగ్గర్లో ఉండి, నామమాత్రపు లైసెన్సు రుసుముతో పిల్లలను చదివించుకోగలిగిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కానీ క్వార్టర్ ఉచితం కాదని గుర్తుంచుకోండి. క్వార్టర్‌లో ఉన్న ఉద్యోగికి ఇంటి అద్దె భత్యం రాదు. ఆ భత్యమే అతను కట్టే అసలు అద్దె. ఆర్థిక శాస్త్రంలో మీరు చదివే అవకాశ వ్యయానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

3. పింఛను మారితే ఇల్లు కొనే వయసు మారింది

ఒకప్పుడు రైల్వే ఉద్యోగికి పింఛను లేదు, ప్రావిడెంట్ ఫండ్ ఉండేది. పదవీ విరమణ రోజున ఒకేసారి ఒక మొత్తం చేతికి వచ్చేది. తర్వాత నెలనెలా రాబడి లేనివాడికి ఆ మొత్తమే అన్నం, ఆ మొత్తమే ఇల్లు. 1957 నవంబరు 16 నుంచి రైల్వేలో పింఛను పథకం వచ్చింది. నెలనెలా రాబడి ఖాయమయ్యాక గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బుతో ఇల్లు కట్టుకోవడం సాధ్యమైంది. అందుకే పాత తరంలో ఇల్లు దాదాపు అరవై ఏళ్ల వయసు కల. ఊళ్లో స్థలం కొని ఉంచడం, రిటైర్ అయ్యాక గోడలు లేపడం.

ఆ క్రమాన్ని రుణం తలకిందులు చేసింది. కేంద్ర ఉద్యోగులకు గృహ నిర్మాణ అడ్వాన్సు 1956 నుంచే ఉంది. కానీ సామాన్యుడికి దీర్ఘకాల గృహరుణం దొరకడం ఆలస్యంగా మొదలైంది. 1970లో హడ్కో, 1977లో హెచ్‌డీఎఫ్‌సీ, 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ వచ్చాయి. 1990ల సంస్కరణల తర్వాత బ్యాంకులు ఇళ్ల అప్పుల్లోకి విస్తారంగా దిగాయి. దాంతో ఇల్లు ఉద్యోగం చివరి నుంచి ఉద్యోగం మొదటికి జరిగింది. తండ్రి అరవైలో కట్టిన ఇంటిని కొడుకు ముప్పైలో కొంటున్నాడు. తండ్రి దాచి కొన్నాడు, కొడుకు కొని తీరుస్తున్నాడు.

2004 జనవరి 1 తర్వాత చేరినవారికి పాత పింఛను పోయి జాతీయ పింఛను వ్యవస్థ వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పింఛను పథకం ఐచ్ఛికంగా అందుబాటులో ఉంది. రేపటి రాబడి ఎంత ఖాయమో దాన్ని బట్టే ఈరోజు ఎంత అప్పు మోయవచ్చో తేలుతుంది. ఇల్లు, పింఛను రెండు వేర్వేరు అధ్యాయాలు కావు.

4. ఊరు పెరిగింది, అద్దె చట్టం వెనకబడింది

1980ల మధ్యలో సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం, 2000 నవంబరు 1న కొత్త రాష్ట్రంతో పాటు హైకోర్టు, 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ ప్రధాన కార్యాలయం. ఇరవై ఏళ్లలో బిలాస్‌పూర్ రైల్వే జంక్షన్ స్థాయి దాటి పరిపాలనా నగరమైంది. ఇలాంటి ఊళ్లో బదిలీ ఉద్యోగులు, లాయర్లు, విద్యార్థులు వస్తూ పోతూ ఉంటారు. వాళ్లందరికీ కావలసింది కొనుక్కునే ఇల్లు కాదు, భరోసా ఉన్న అద్దె ఇల్లు.

మన అద్దె చట్టాలు ఆ భరోసాను ఎలా చూశాయి? సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ కాలపు 1949 అద్దె నియంత్రణ ఉత్తర్వు, తర్వాత 1961 మధ్యప్రదేశ్ వసతి నియంత్రణ చట్టం, 2011 ఛత్తీస్‌గఢ్ అద్దె నియంత్రణ చట్టం. యుద్ధకాలపు కొరతలో పుట్టిన నియంత్రణలు అద్దెదారును కాపాడాయి. అదే సమయంలో, ఇల్లు ఇస్తే తిరిగి రాదేమోనన్న భయాన్ని యజమానిలో నాటాయి. ఫలితం 2017-18 ఆర్థిక సర్వే చూపింది: పట్టణాల్లో అద్దె ఇళ్ల వాటా 1961లో 54 శాతం, 2011లో 28 శాతం. అదే 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో కోటీ పది లక్షలకు పైగా ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఒకపక్క ఇళ్ల కొరత, మరోపక్క తాళం వేసిన ఇళ్లు. ఈ వైరుధ్యాన్ని మీ సమాధానంలో తప్పక రాయండి.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు డిపాజిట్‌ను రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది, రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి అంది. కానీ భూమి, యజమాని-అద్దెదారు సంబంధాలు రాష్ట్ర జాబితాలోని 18వ అంశం కిందికి వస్తాయి కనుక రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలు.

పాలిటీ కోసం ఒక ముఖ్యమైన విషయం: ఛత్తీస్‌గఢ్ 2011 చట్టంలోని సెక్షన్ 13(2), ట్రిబ్యునల్ తీర్పుపై నేరుగా సుప్రీంకోర్టుకు అప్పీలు ఇచ్చింది. 2019 డిసెంబరులో రాజేంద్ర దివాన్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఆ నిబంధనను కొట్టేసింది. సుప్రీంకోర్టు అధికార పరిధిని నిర్ణయించే శక్తి రాష్ట్ర శాసనసభకు లేదని తేల్చింది.

5. ఇప్పుడు లెక్క

ఊహకు ఒక ఇల్లు తీసుకుందాం. ధర 25 లక్షలు. చేతి డబ్బు 5 లక్షలు, అప్పు 20 లక్షలు, వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. నెల వాయిదా సుమారు 17,356 రూపాయలు. మొత్తం కట్టేది 41.65 లక్షలు. అదే ఇంటి అద్దె నెలకు 7,000, ఏటా 5 శాతం పెరుగుతుందనుకోండి.

అద్దెకు ఉన్నవాడు ఆ 5 లక్షలనూ, వాయిదాకు అద్దెకు మధ్య తేడానూ 7 శాతం రాబడికి దాచితే 20 ఏళ్లకు సుమారు 53 లక్షలు చేరతాయి. 25 లక్షల ఇల్లు అంత విలువకు రావాలంటే ధర ఏటా 4 శాతం పెరగాలి. మరమ్మతులు, పన్నుల కింద యజమాని ఏటా 25 వేలు పెడితే ఆ గీత 5 శాతానికి దగ్గరవుతుంది. స్థలం ధర అంతకన్నా వేగంగా పెరిగే పేటలో కొన్నవాడు గెలుస్తాడు, పెరగని చోట దాచినవాడు గెలుస్తాడు.

ఇక్కడ ఇంకో రెండు విషయాలు గమనించండి. ఇరవయ్యో ఏటికి అద్దె 17,690 దాకా చేరి వాయిదాను దాటేస్తుంది. అంటే అద్దె చవక అన్న మాట మొదటి ఏళ్లకే నిజం. రెండోది, ఆ తేడా డబ్బును నిజంగా దాచకుండా ఖర్చుపెట్టేస్తే అద్దెదారుకు మిగిలేది 5 లక్షలు పెరిగి అయిన 19 లక్షలే. అప్పుడు ధర ఒక్క రూపాయి పెరగని ఇల్లు కూడా అతన్ని ఓడిస్తుంది. మధ్యతరగతి ఇళ్లలో గృహరుణం చేసిన పెద్ద పని ఇదే, బలవంతపు పొదుపు.

6. మరి ఏం చేయాలి?

చరిత్ర నుంచి మూడు ప్రశ్నలు తీసుకోండి. మొదటిది, ఈ ఊళ్లో ఎన్నాళ్లు ఉంటారు? బదిలీల ఉద్యోగంలో మొదటి ఐదారేళ్లలో ఇల్లు కొంటే స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు తిరిగి రావడమే కష్టం. రెండోది, ఇప్పుడున్న కప్పు ఎప్పుడు పోతుంది? రిటైర్ అయ్యాక క్వార్టర్‌ను మామూలు రుసుముతో నాలుగు నెలలు, ఎక్కువ రుసుముతో మరో నాలుగు నెలలు ఉంచుకోవచ్చు. ఆ ఎనిమిది నెలల్లో తొందరపడి కొన్న ఇంటికన్నా, రెండేళ్ల ముందే చూసి కొన్నది మేలు. మూడోది, ఆ డబ్బు ఎవరిది? అమ్మానాన్నల వృద్ధాప్యం ఆధారపడిన ఏకైక మొత్తమైతే, అంతా గోడల్లో పెట్టకండి. మందులకు ఇంటి గోడను ముక్కగా అమ్మలేం. అలాగని దాన్ని మీ కోచింగ్‌కు కరిగించడమూ సరికాదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఉద్యోగం ఇంకా రాని మీరు, ఉద్యోగంలో కొత్తగా చేరబోయే మీరు, అద్దెకు ఉండి ఆ తేడాను నెల మొదట్లోనే పక్కన పెట్టండి. రిటైర్ అవుతున్న తల్లిదండ్రులకు మాత్రం చేతి డబ్బులో సగం మించకుండా, అప్పు లేకుండా దొరికే చిన్న ఇల్లు మంచిది. వాళ్లకు కావలసింది లాభం కాదు, ఎవరూ ఖాళీ చేయమనని గది.

7. మెయిన్స్ కోణం

జీఎస్-1లో పట్టణీకరణ, వలస. జీఎస్-2లో రాష్ట్ర జాబితా, నమూనా చట్టాలు, రాజేంద్ర దివాన్ తీర్పు. జీఎస్-3లో గృహ పొదుపు, రుణం. ఎస్సే పేపర్‌లో ఆశ్రయం, స్వేచ్ఛ. ఆశ్రయం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చమేలీ సింగ్ కేసులో 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆశ్రయ హక్కు అంటే సొంత ఇంటి హక్కు అని అర్థం కాదు. నిశ్చింతగా ఉండగలిగే అద్దె ఇల్లు కూడా ఆశ్రయమే. విధానకర్తగా మీరు రేపు గుర్తుంచుకోవలసిన తేడా ఇదే.

సాధన ప్రశ్న: "భారత పట్టణాల్లో సొంత ఇంటి పట్ల మొగ్గు సంస్కృతి వల్ల కాదు, అద్దె భద్రత లేకపోవడం వల్ల." చారిత్రక ఆధారాలతో చర్చించండి. 250 పదాలు, 15 మార్కులు. రాసేటప్పుడు రైల్వే కాలనీని ఒక ఉదాహరణగా వాడండి, 1974ను మరచిపోకండి.