ఎఱుకలేని వేలము



నేను ముప్పదియేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు చెప్పినవాడను, వకీలును గాను. అయినను ఊరికి కోర్టుకాగితము వచ్చినపుడు దానిని చదివి చెప్పుమని పంతులయొద్దకే తెచ్చుట మన వాడుక. అట్లు వచ్చినవానిలో నొకదానిని నేనింకను మఱవలేదు. ఒక చిన్నరైతు అప్పులపాలై, ఆలుబిడ్డలతో పనికై దూరము వలసపోయి, మూడేండ్లకు తిరిగి వచ్చునప్పటికి అతని చేనిలో పరులు నాగలి కట్టియుండిరి. కోర్టువేలములో పొలము అమ్ముడువోయినది. “ఇంటికి తాళము వేసియున్నందున నోటీసు తలుపునకు అంటించితిని” అని బంట్రోతు వ్రాసియుండెను. అంటించిన మాట అబద్ధము గాదు. చదువవలసిన వాడక్కడ లేడు. అతడు అప్పును కాదనలేదు. “తెలిసియుండినచో సగము చేనమ్మియైనను తీర్చియుందును గదా, పంతులుగారూ” అని మాత్రము అనెను. గడువులు దాటిపోవుటచే పొలము తిరిగి రాలేదు. నాటినుండి ఈ విషయమును గూర్చి దొరకిన గ్రంథములు చదువుచు వచ్చితిని. అందు తేలిన సారమును నేడు మీకు విన్నవించెదను.

మన ధర్మశాస్త్రములలో వ్యవహారమునకు నాలుగు పాదములు చెప్పబడినవి. వాది మాట మొదటిది, ప్రతివాది యుత్తరము రెండవది, సాక్ష్యాదులు మూడవది, తీర్పు నాలుగవది. రెండవ పాదము లేనిచో తక్కినవి కుంటుపడును. వాది చెప్పినదానిని ప్రతివాది యెదుటనే వ్రాయవలయునని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. ప్రతివాదిని రాజముద్రను పంపియైనను, మనుష్యుని పంపియైనను పిలిపింపవలయునని మితాక్షరలో నున్నది. రోగిని, బాలుని, వృద్ధుని, ఆపదలో నున్నవానిని అట్లు బలవంతముగా రప్పింపరాదనియు నందే కలదు. ఆ మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన తెలుగుపద్యములలో “విజ్ఞానేశ్వరీయ”మను పేర రచించెను. కావున “పిలువక తీర్పు చెప్పరాదు” అను మాట మనకు పరదేశమునుండి వచ్చినది గాదు.

ఇంగ్లీషువారి యేలుబడిలో 1859లో సివిలు ప్రొసీజరు కోడు పుట్టినది. డిక్రీయైన యేడాదికి పిమ్మట దానిని అమలుపఱుప గోరినను, చనిపోయినవాని వారసులపై అమలుపఱుప గోరినను, ముందుగా నోటీసు ఇయ్యవలయునని అందే విధింపబడెను. ఇది 1882 నాటి కోడులో 248వ సెక్షనుగను, 1908 నాటి కోడులో 21వ ఆర్డరు 22వ రూలుగను నిలిచినది. 1976లో ఆ యేడాది గడువు రెండేండ్లుగా మార్పబడినది.

కాని శాసనము వేఱు, ఆచరణము వేఱు. 1875వ సంవత్సరము మే 12వ తేదీన పూనా జిల్లాలోని సూపా గ్రామమున రైతులు షాహుకార్లపై తిరుగబడిరి. అహమదునగరు జిల్లాకును ఆ యలజడి వ్యాపించెను. వారు ముఖ్యముగా కోరినది ధనము గాదు. పత్రములును డిక్రీలును పుచ్చుకొని తగులబెట్టుటయే. పిదప విచారించిన సంఘమువారు, అప్పుదావాలలో పెక్కింటికి ప్రతివాది లేకయే, అనగా ఎక్సుపార్టీగా, డిక్రీలగుచుండెనని కనుగొనిరి. తత్ఫలితముగా 1879లో దక్కను వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము వచ్చెను. తాకట్టు పెట్టని సేద్యగాని భూమిని అప్పునకై జప్తుచేసి అమ్మరాదని అందు నిర్ణయింపబడెను.

ఇక లండనులోని ప్రీవీ కౌన్సిలువారి తీర్పులు రెండు వినదగినవి. మొదటిది 1900 నాటిది, బొంబాయి రాజధానిలోనిది. ఋణస్థుడు మరణింపగా, నిజమైన వారసులకు గాక వేఱొకనికి నోటీసు అందినది. తాను వారసుడను గానని యాతడు చెప్పినను కోర్టు వినక వేలము వేయించెను. నిజమైన వారసులు గడువు దాటిన పిమ్మట వచ్చిరి. కోర్టు పొరపడినమాట నిజమేకాని, అధికారముండియే పొరపడినది గనుక, ఆ యమ్మకము తనంత తాను చెడదని ప్రీవీ కౌన్సిలువారు తేల్చిరి. వారసులు భూమిని కోల్పోయిరి.

రెండవది 1914 నాటిది, కలకత్తాది. ఋణస్థులు దివాలా తీయుటచే వారి యాస్తి సర్కారు అధికారి వశమైనది. అతనికి 248వ సెక్షను ప్రకారము ఇయ్యవలసిన నోటీసు ఇయ్యకయే వేలము జరిగెను. ఆ యమ్మకము చెల్లదని ప్రీవీ కౌన్సిలువారు నిర్ణయించిరి. నోటీసే అమ్మించు నధికారమునకు మూలమనియు, అది లేనిచో కోర్టునకు ఆ యధికారమే లేదనియు దీని సారము. ఒకచోట దారి తప్పిన నోటీసు, ఒకచోట పుట్టనే పుట్టని నోటీసు. ఈ రెంటినడుమ గీత యెక్కడ గీయవలయునన్న చర్చ పిమ్మట ననేక వ్యాజ్యములలో జరిగినది.

స్వతంత్రభారతమున 1993లో సుప్రీముకోర్టువారును, అప్పుపడినవానికి నోటీసు లేకయే వేలపు ప్రకటన తయారైనందున ఒక యింటి యమ్మకమును చెల్లనిదిగా త్రోసివేసిరి. ఏ యాస్తిని, ఎంత మేరకు, ఏ విలువకు అమ్మవలయునో నిర్ణయించునపుడు యజమాని మాట వినుటయే ఆ నోటీసు ప్రయోజనము. వాడు లేనిచోట పదివేలది వేయికి పోవును.

పెద్దలారా! జప్తు ఉత్తరువును తప్పెట మ్రోగించి చాటవలయుననియు, పొలముమీదను కోర్టుగోడమీదను అంటింపవలయుననియు కోడు చెప్పుచున్నది. పల్లెలోని భూమియైనచో గ్రామపంచాయతీ కార్యాలయమునను అంటింపవలయునని 1976లో చేర్చిరి. ఆ కాగితము మీ యెదుటనే యుండును. దాని యజమాని ఏ పట్టణములోనో ఇటుకలు మోయుచుండును. వేలమైన నాటినుండి అఱువదిదినముల లోపల, డిక్రీసొమ్మును, దానితో కొన్నవానికి వేలపు వెలలో నూటికి అయిదువంతున సొమ్మును కోర్టులో కట్టి, వేలమును రద్దుచేయ గోరవచ్చును. మోసముగాని, పెద్ద యక్రమముగాని జరిగి నష్టము కలిగినచో, ఆ గడువులోనే వేఱుగ అర్జీ పెట్టుకొనవచ్చును. కాని అఱువదిదినములు త్వరగా గడచును.

కాబట్టి పంచాయతీగోడపై నట్టి కాగితము కనబడినపుడు, అది పరుల గొడవ యని దాటిపోకుడు. పేరు చదువుడు. వాడెక్కడనున్నాడో వాని చుట్టములనడిగి కబురంపుడు. అప్పు తీర్పవలసినదే, అందు సందేహము లేదు. తీర్చుకొను దారి వెదకుటకు వానికి ముందుగా తెలియవలయును. ఆనాడు ఆ తలుపుపై కాగితమును మా వీథివారందఱును చూచితిమి. ఆ దారినే బడికి పోవుచుండిన నేనును చూచితిని. ఆగి చదువలేదు. అందుచేతనే నేడింత చెప్పితిని.