కోచ్ చెవిన పడిన మాట

1872 నవంబరు 30. గ్లాస్గో దగ్గర పార్టిక్‌లోని ఒక క్రికెట్ మైదానంలో స్కాట్లాండ్, ఇంగ్లండ్ తలపడ్డాయి. దేశాల మధ్య జరిగిన తొలి అధికారిక ఫుట్‌బాల్ మ్యాచ్ అది. ఒక్క గోలూ పడలేదు. ఆ రోజు స్కాట్లాండ్ జట్టును ఎంపిక చేసింది రాబర్ట్ గార్డ్‌నర్. అతనే కెప్టెన్, అతనే గోల్‌కీపర్. పదకొండు మందీ అతని క్లబ్ క్వీన్స్ పార్క్ వాళ్లే. ఎవరు ఎక్కడ ఆడాలో చెప్పడానికి గీత బయట ఎవరూ నిలబడి లేరు.

కోచ్ వ్యూహంలో ఆటగాళ్లు తలదూర్చవచ్చా అని టీవీ చర్చల్లో వాదించుకుంటుంటే నాకు ఈ మ్యాచే గుర్తొస్తుంది. తర్వాత వచ్చి తలదూర్చింది నిజానికి కోచే. పాత ఇంగ్లిష్ క్లబ్బుల్లో జట్టును ఎంపిక చేసేది డైరెక్టర్ల కమిటీ. సెక్రటరీ అనే ఉద్యోగి జీతాలు, రైలు టిక్కెట్లు, ఉత్తర ప్రత్యుత్తరాలు చూసుకునేవాడు. మైదానంలోకి దిగాక అంతా కెప్టెన్ చేతిలోనే. ఇంగ్లిష్ లీగ్‌లో సబ్‌స్టిట్యూట్‌ను దించే వీలే 1965 దాకా లేదు. ఇంగ్లండ్ జాతీయ జట్టుకు మేనేజర్ అంటూ ఒకరు వచ్చింది 1946లో. ఆ వాల్టర్ వింటర్‌బాటమ్‌కు కూడా జట్టును ఎంచుకునే హక్కు లేదు, అది సెలక్షన్ కమిటీది. 1963లో బాధ్యతలు తీసుకున్న ఆల్ఫ్ రామ్సే మాత్రం ఆ హక్కు తనకే దక్కాలని పట్టుబట్టి సాధించుకున్నాడు.

క్లబ్బుల్లో ఆ పని అంతకు చాలా ముందే చేసి చూపించినవాడు హెర్బర్ట్ చాప్‌మన్. హడర్స్‌ఫీల్డ్‌ను వరసగా రెండుసార్లు, 1924లో, 1925లో లీగ్ విజేతగా నిలిపి, ఆర్సెనల్‌కు వచ్చాడు. జట్టు మీద పూర్తి పెత్తనం మేనేజర్‌దే అన్న పద్ధతికి ఆద్యుడెవరంటే చాలామంది చెప్పే పేరు అతనిదే. ఆ పెత్తందారు పేరు మీద చలామణీ అయిన గొప్ప ఎత్తుగడ ఒక ఆటగాడి నోటి నుంచి రావడమే ఈ చరిత్రలోని తమాషా.

ఆ ఆటగాడు చార్లీ బుకన్. సండర్లండ్ నుంచి చాప్‌మన్ అతన్ని కొన్న తీరే వింతగా ఉంటుంది. సండర్లండ్ 4,000 పౌండ్లు అడిగింది. ముప్పై మూడేళ్లవాడికి అంతా అని బేరమాడి, 2,000 చేతికిచ్చి, మొదటి సీజన్‌లో కొట్టే ఒక్కో గోలుకు 100 చొప్పున ఇస్తామని ఒప్పించారు. బుకన్ 21 గోల్స్ కొట్టాడు. అడిగినదానికి వంద ఎక్కువే ముట్టింది సండర్లండ్‌కు.

1925 వేసవిలోనే ఆఫ్‌సైడ్ నిబంధన మారింది. అంతవరకు ముందుకు పరుగెత్తే ఆటగాడికీ గోల్ లైనుకీ మధ్య ప్రత్యర్థులు ముగ్గురు ఉండాలి. ఇకమీదట ఇద్దరుంటే చాలన్నారు. కావలసినంత గందరగోళం పుట్టింది. అప్పటి అమరికలో వెనక ఫుల్ బ్యాకులు ఇద్దరే. సెంటర్ హాఫ్ మైదానం మధ్యలో తిరుగుతూ ఆట నడిపేవాడు. ఇప్పుడు ఆ ఇద్దరు ఫుల్ బ్యాకుల నడుమ దారి బార్లా తెరుచుకుంది. ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో అంతకు ముందు సీజన్ మొత్తం మీద 1,192 గోల్స్ పడితే, ఆ సీజన్‌లో 1,703 పడ్డాయి.

సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ఇద్దరు ఫుల్ బ్యాకుల మధ్య నిలబెడదామని బుకన్ సీజన్ మొదట్లోనే చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1925 అక్టోబరు 3న న్యూకాసిల్‌లో ఆర్సెనల్ 0-7తో చిత్తయింది. బుకన్‌కు ఒళ్లు మండింది. లండన్‌కు మీతో రానని మొండికేశాడు. అతన్ని బుజ్జగించి కూర్చోబెట్టాక జట్టు సమావేశం జరిగింది. బుకన్ పాత మాటే మళ్లీ చెప్పాడు. చాప్‌మన్ ఈసారి విన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. సెంటర్ హాఫ్ వెనక్కిపోతే మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని పూడ్చడానికి ఇన్‌సైడ్ ఫార్వర్డ్‌లలో ఒకరు కిందికి దిగాలి. ఆ పని నేను చేస్తానన్నాడు బుకన్. చాప్‌మన్ ససేమిరా అన్నాడు. బుకన్ గోల్స్ అతనికి కావాలి (ఒక్కోటి వంద పౌండ్లు మరి). అయితే ఎవరిని పెడదామో నువ్వే చెప్పమన్నాడు. బుకన్ చెప్పిన పేరు ఆండీ నీల్. క్లబ్ మూడో జట్టులో ఆడుతున్న మనిషి, పరుగులో వెనకబాటే. కానీ బంతిని అదుపులో పెట్టుకోవడంలో దిట్ట అని బుకన్ నమ్మకం. నీల్‌ను తీసుకున్నారు, జాక్ బట్లర్‌ను వెనక్కి జరిపారు. రెండు రోజుల తర్వాత వెస్ట్‌హామ్ మైదానంలో ఆర్సెనల్ 4-0తో గెలిచింది. ఆ సీజన్‌లో రెండో స్థానానికి ఎగబాకింది.

ఈ కథలో ఎక్కువ భాగం మనకు బుకన్ చెప్పగా తెలిసిందే. ఆట మానేశాక అతను పేరున్న పత్రికా రచయిత అయ్యాడు. తన గొప్ప తానే చెప్పుకున్నవాడి మాట కొంచెం తగ్గించి తీసుకోవాలి. పైగా మూడో బ్యాక్ ఆలోచన ఆ రోజుల్లో ఇంకొన్ని క్లబ్బుల్లోనూ మొలకెత్తింది. ఆర్సెనల్‌ను చితక్కొట్టిన న్యూకాసిల్ కూడా ఆ మ్యాచ్‌లోనే తన సెంటర్ హాఫ్ చార్లీ స్పెన్సర్‌ను వెనక ఆడించింది. ఇవన్నీ ఒప్పుకున్నా చాప్‌మన్ చేసిన పని నాకు ముచ్చటగా అనిపిస్తుంది. సలహాను మొత్తంగా మింగలేదు. బుకన్ కళ్లకు కనిపించిన లోపాన్ని నమ్మాడు, బుకన్ తనకోసం కోరుకున్న స్థానాన్ని మాత్రం ఇవ్వలేదు. ఆటగాడికి తెలిసినదాన్నీ ఆటగాడికి కావలసినదాన్నీ విడదీయడం అంత తేలిక కాదు. 1929లో 8,750 పౌండ్లు పోసి తెచ్చిన అలెక్స్ జేమ్స్‌తో ఆ అమరికకు పదును పెట్టి, 1931లో ఆర్సెనల్‌కు తొలి లీగ్ టైటిల్ తెచ్చిపెట్టింది మాత్రం చాప్‌మనే.

ఇలాంటి కథల్లో మరీ ప్రచారం పొందింది బ్రెజిల్‌ది. 1958 ప్రపంచకప్‌లో సోవియట్ యూనియన్‌తో మ్యాచ్‌కు ముందు దిది, నిల్టన్ శాంటోస్ వంటి సీనియర్లు కోచ్ ఫియోలా దగ్గరికి వెళ్లి గరించాను, పెలేను ఆడించాల్సిందేనని పట్టుబట్టారట. ఇందులో నాకు సగం కూడా నమ్మకం లేదు. పెలే మోకాలి గాయం నుంచి కోలుకోవడమూ అప్పుడే జరిగింది. అతన్ని దించడానికి ఎవరూ పట్టుబట్టాల్సిన అవసరం లేదు. ఇద్దరూ దిగారు, ఆట మొదలైన మూడు నిమిషాల్లో బంతి రెండుసార్లు గోల్ చట్రానికి తగిలి, వావా ఒక గోల్ కూడా కొట్టేశాడు. 2-0తో గెలిచాక ఆ ఆలోచన తమదేనని చెప్పుకునేవాళ్లకు కొదవేముంది.

మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కథ వేరు. బడిపంతులుగా పనిచేసిన రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపారు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో, బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో కుర్రాళ్లకు ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారు. ఎవరి కాలు ఏం చేయగలదో ఆయనకు తెలిసిపోయేది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయ్‌లాండ్‌తో ఆడుతూ, రహీం కోచ్‌గా ఉన్న భారత జట్టు డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలింది, కుట్లు పడ్డాయి. సెమీఫైనల్లో రహీం ఆయన్ను తలకు కట్టుతోనే సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. జర్నైల్ ఆ మ్యాచ్‌లో గోల్ కొట్టారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆడిన ఆ జట్టు ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది మళ్లీ జర్నైల్‌దే. ఇక్కడ కోచ్ ఎత్తుగడను మార్చింది మాట కాదు, గాయం. ఆటగాడి ప్రభావం అంటే నోటితో చెప్పేదే అనుకుంటే ఇలాంటివి లెక్కలోకి రాకుండా పోతాయి.

నోటితో, అదీ గట్టిగా చెప్పిన సందర్భం కావాలంటే 1974కు రావాలి. పశ్చిమ జర్మనీ సొంతగడ్డ మీద ప్రపంచకప్ ఆడుతూ జూన్ 22న హాంబర్గ్‌లో తూర్పు జర్మనీ చేతిలో 0-1తో ఓడింది. కోచ్ హెల్ముట్ షోన్ పుట్టింది డ్రెస్డెన్‌లో, తర్వాత పశ్చిమానికి వలస వచ్చినవాడు. ఆ ఓటమితో మనిషి డీలాపడ్డాడు. మాలెంటె శిక్షణ శిబిరంలో కెప్టెన్ ఫ్రాంజ్ బెకెన్‌బావర్ జట్టు కూర్పు దగ్గర కూర్చున్నాడు. యుగోస్లావియాతో తర్వాతి మ్యాచ్‌కు నాలుగు మార్పులు జరిగాయి. హోనెస్, గ్రబోవ్‌స్కీ లాంటివాళ్లను పక్కన పెట్టి రైనర్ బోన్‌హోఫ్, బెర్న్‌డ్ హోల్జెన్‌బైన్ తదితరులను దించారు. 2-0తో గెలిచారు. జులై 7న మ్యూనిక్ ఫైనల్లో నెదర్లాండ్స్ మీద పశ్చిమ జర్మనీకి దక్కిన పెనాల్టీ హోల్జెన్‌బైన్‌ను పడగొట్టినందుకు వచ్చింది. గెర్డ్ ముల్లర్ విజయపు గోలుకు బంతిని కుడివైపు నుంచి లోపలికి అందించినవాడు బోన్‌హోఫ్. అయినా రికార్డుల్లో కోచ్ పేరు షోన్‌దే. అందులో తప్పూ లేదు, ఓడి ఉంటే తల కొట్టేవాళ్లు షోన్‌దే కాబట్టి.

ఎదురు దిశలో నడిచిన కోచ్‌లూ ఉన్నారు. మిలాన్‌లో కోచ్‌గా చేసిన అరిగో సాకి ఎన్నడూ ప్రొఫెషనల్ ఆటగాడు కాదు. అతని పద్ధతిని గుల్లిట్, వాన్ బాస్టెన్ శంకించారు. వాదించకుండా ఒక పందెం పెట్టాడు. ఒకవైపు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు, వాళ్లు తను చెప్పిన అమరికలో నిలబడతారు. ఎదుట పదిమంది, వాళ్లు ఇష్టమొచ్చినట్టు ఆడొచ్చు. పావుగంట సమయం. పదిమందికీ ఒక్క గోలూ చిక్కలేదు.

పెప్ గార్డియోలాకు ఆటగాళ్ల మీద తన మాట నెగ్గించుకోవడం కొత్త కాదు. అయినా 2014 ఏప్రిల్‌లో బయర్న్ మ్యూనిక్ కోచ్‌గా తడబడ్డాడు. చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ తొలి అంచెలో రియల్ మాడ్రిడ్ చేతిలో 0-1తో ఓడి ఉన్నారు. ఆ సీజన్ అంతా అతని పక్కనే ఉన్న మార్తి పెరార్నావ్ రాసిన పుస్తకం ప్రకారం, రెండో అంచెకు మొదట ముగ్గురు డిఫెండర్ల అమరిక అతని మనసులో ఉంది. తర్వాత దాన్ని పక్కన పెట్టాడు. మ్యాచ్ దగ్గరపడ్డాక, సొంత మైదానంలో మీదపడి దాడి చేయాలన్న ఆటగాళ్ల ఆవేశం చూసి నలుగురు ఫార్వర్డ్‌లతో దించాడు. ఇరవై నిమిషాలు తిరక్కుండానే సెర్గియో రామోస్ తలతో రెండు గోల్స్ కొట్టాడు. చివరికి 0-4. తన కెరీర్‌లో ఇంత పెద్ద తప్పు చేయలేదని గార్డియోలా తనను తానే తిట్టుకున్నాడు. బుకన్ చాప్‌మన్‌కు చూపించింది మైదానంలో ఉన్న ఖాళీని. బయర్న్ ఆటగాళ్లు చూపించింది ఉత్సాహాన్ని. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, సెమీఫైనల్ ముందు ఏ ఆటగాడైనా అదే చూపిస్తాడు.

మే 17న బెర్లిన్‌లో జర్మన్ కప్ ఫైనల్, ఎదుట డార్ట్‌మండ్. ఈసారి గార్డియోలా వెనక ముగ్గురినే నిలబెట్టాడు. అదనపు సమయంలో బయర్న్ 2-0తో గెలిచింది.