జీతగాడి పద్దు

అత్యవసర పరిస్థితి రోజుల్లో, 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి మరుసటి ఏడాది చట్టమైన వెట్టిచాకిరీ రద్దుకు యాభై ఏళ్లు నిండిన వేళ, ఆ చట్టం పొలం గట్టుదాకా దిగివచ్చిన కొద్ది తావుల్లో ఒకటైన రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నాన్ని తలచుకోవడం ఉచితం. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా పేరును ఆ ఊరూ పెద్ద చెరువూ నేటికీ నిలబెడుతున్నాయి గాని, మట్టి మోసినవారి ఊసు తవారీఖులకు పట్టలేదు. బానిసత్వం ఊసు వెతికితే మాత్రం, ఆఫ్రికా నుంచి వచ్చిన హబ్షీ బానిసలు దక్కనులో సేనానులైన కథలు, 17వ శతాబ్దపు కరువుల్లో డచ్చివారు కోరమాండల్ తీరాన మనుషులను కొని ఓడలకెక్కించిన లెక్కలు దొరుకుతాయి. బ్రిటిషు ఇండియాలో బానిసత్వానికి చట్టబలం 1843లోనే పోగా, అప్పుకు కట్టుబడి చేసే చాకిరీని భగేలా పేరుతో పిలిచిన నిజాం ప్రభుత్వం 1936లో దానిని రద్దు చేయక, నిబంధనలతో సరిపెట్టింది.

పెళ్లికో రోగానికో తెచ్చిన అప్పు కింద ఉగాది నుంచి ఉగాదికి పటేలు ఇంట కుదిరి, తెల్లవారకముందే పెండ తీసి, పగలంతా నాగలి పట్టి, రాత్రి కొట్టం దగ్గరే పడుకునే పాలేరు తెలంగాణలో జీతగాడు. జబ్బుపడి పెట్టిన నాగాలూ అతని పద్దులోకే ఎక్కేవి. 1976 చట్టం ఆ అప్పును కొట్టేయడమే కాక, 15వ సెక్షనులో ఒక ముచ్చటైన ఏర్పాటు చేసింది: అది వెట్టి అప్పు కాదని రుజువు చేయవలసిన భారం ఇచ్చినవాడిదే. పద్దు పటేలు పెట్టెలో ఉండగా వేలిముద్రవాడిని కాగితం అడిగే కచేరీ అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు. 1980లలో గీతా రామస్వామి వంటి కార్యకర్తల తోడుతో, మాదిగ, మాల కూలీలు ముందు నిలిచిన ఇబ్రహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలీ సంఘం ఈ చట్టాన్ని ఊళ్లలోకి తెచ్చింది. వెట్టి విముక్తిని సొంత పనిగా భావించిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ అండ దానికి దొరికింది. విడుదల పత్రం చేతికొచ్చినా, చెక్క భూమి లేనివాడు వచ్చే ఉగాదికి మళ్లీ అదే గడప తొక్కవలసి రావడం సహజం గనుక, సంఘం పోరాటం మిగులు భూములు, ఇనాం భూములు, కౌలు హక్కుల వైపు మళ్లింది. ఈ మలుపే దాని చరిత్రలో అన్నిటికన్నా విలువైనది.

అటు తర్వాత కథ చెదిరిపోతుంది. ఎకరం ధర కోట్లలోకి పోయి, ఇంజనీరింగు కాలేజీలూ వెంచర్లూ పొలాలను కమ్ముకున్నాయి. వెట్టి మాత్రం కొత్త రూపం తొడిగింది: రంగారెడ్డి జిల్లా ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడాల నుంచి కుటుంబాలు అడ్వాన్సు తీసుకుని వస్తున్నాయి. వెట్టి నుంచి విడుదలైనవారికి 1978లో 4,000 రూపాయలతో మొదలైన పునరావాస సాయం 2016 నాటికి పురుష కార్మికుడికి లక్ష అయింది. అయితే ఆ 2016 పథకంలో తక్షణం ముట్టింది 20,000 వరకే, మిగతాది యజమానికి శిక్ష పడ్డాక ఇవ్వాలన్నది నాటి నిబంధన.