పన్నెండు చదరపు అడుగుల చోటు

కిందటి నెలంతా మా ఇంట్లో ఒకటే చర్చ: ఓడలో ఏ గది తీసుకోవాలి? డాలస్‌లో ఉండే మా అక్క, అమ్మానాన్నల నలభయ్యో పెళ్ళిరోజుకి వాళ్ళని మయామీ నుంచి పది రాత్రుల కరేబియన్ క్రూజ్‌కి పంపాలనుకుంది. "మామూలు రూమ్ వద్దురా, సూటే చూడు. డబ్బు సంగతి నేను చూసుకుంటా," అంది. ఎక్సెల్ షీటు వేసేవాడు ఇంటికొకడుంటే ఇలాంటి పనులన్నీ వాడి నెత్తినే పడతాయి. నాన్నగారు దక్షిణ మధ్య రైల్వేలో చేసి రిటైరయ్యారు. డెక్ ప్లాన్ చూపిస్తే ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. "ఎన్ని చదరపు అడుగులు?" "మధ్యలోనా, చివరా?"

పద్మారావు నగర్‌లో ఫ్లాట్ కొన్న మనిషి మొదటి ప్రశ్న వేయడం సహజం. రెండోది రైల్వే జ్ఞానం. బోగీలో చక్రాల మీద పడే బెర్తు కంటే మధ్య బెర్తులో కుదుపు తక్కువని ఆయన మాకు చిన్నప్పటినుంచీ చెప్తూనే ఉన్నారు. ఓడకీ అదే సూత్రం. అల వచ్చినప్పుడు ఓడ ఉయ్యాల బల్లలా ముందూ వెనకా లేస్తూ దిగుతుంది. నడిమధ్యన, నీటిమట్టానికి దగ్గరగా ఉన్నవాళ్ళకి ఊగు తక్కువ. ఎంత పైకి వెళ్తే పక్కలకి ఒరిగే దూరం అంత ఎక్కువ. తీరా చూస్తే ఖరీదైన సూట్లన్నీ ఎక్కడున్నాయి? పై అంతస్తుల్లో, కొన్నయితే ముక్కు మీదో తోక చివరో. కడుపులో తిప్పకుండా ఉండాలనుకునేవాడికి పనికొచ్చే చోటు ఓడలో చవగ్గానే దొరుకుతుంది, కింది డెక్కుల్లో, మధ్యలో, కిటికీ లేకుండా. మరి అన్ని వేల డాలర్లు పోసి కొంటున్నది దేన్ని? బాల్కనీ, వెలుతురు, సముద్రం కనిపించడం. వీటన్నిటికంటే ముందు, లోపలినుంచి గడియ పెట్టుకోగల తలుపు.

ఓడలో గది ఎంచుకోవడానికి ఓ జానపదమే ఉంది. ఇంగ్లీషులో దర్జాగా ఉన్నదాన్ని ‘పాష్’ అంటాం కదా. ఇండియాకి వచ్చే దొరలు వచ్చేటప్పుడు ఓడ ఎడమ వైపు, తిరిగి వెళ్ళేటప్పుడు కుడి వైపు కేబిన్లు తీసుకునేవాళ్ళట, ఎర్రసముద్రం ఎండ తగలకుండా. ‘పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్’ అనే ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు టికెట్టు మీద కొట్టేవారనీ, అదే ఈ మాట పుట్టుకనీ చెప్తారు. అలా ముద్ర వేసిన టికెట్టు ఒక్కటీ ఇంతవరకూ దొరకలేదు, నిఘంటుకారులు ఈ కథని ఒప్పుకోరు. అయినా ఆ కథ బతకడానికి కారణం ఉంది. ఓడ ప్రయాణం అనగానే మన ఊహకి వచ్చేది ఎంచుకునేవాడి ప్రయాణమే. పోతం జానకమ్మ ఇంగ్లండు చూసొచ్చి తెలుగులో రాసి, తనే ఇంగ్లీషు చేసి 1876లో మద్రాసులో వేయించిన ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ దగ్గర్నుంచి మన సముద్రయాన సాహిత్యం దాదాపుగా టికెట్టు కొనుక్కుని ఎక్కినవాళ్ళదే.

కరేబియన్‌కి మనవైపు నుంచి మొదట వెళ్ళినవాళ్ళు గది ఎంచుకోలేదు. వాళ్ళకి చోటుని చట్టం కొలిచి ఇచ్చింది. బ్రిటిష్ ఇండియా వలస చట్టాల్లో ఆ కొలత స్పష్టంగా ఉంది: పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి 12 చదరపు అడుగుల డెక్కు, మొత్తం 72 ఘనపుటడుగుల చోటు. చిన్నపిల్లలు ఇద్దరైతే ఒక పెద్ద మనిషి కింద లెక్క. 12 చదరపు అడుగులంటే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. పడుకుంటే సరిపోతుంది, పక్కకి దొర్లితే ఇంకొకరి చోటు. మా ఇంట్లో డబుల్ కాట్ మంచం ముప్ఫై చదరపు అడుగులుంటుంది, అంటే ఇద్దరున్నర మనుషులు. నాన్నగారికి నేను చూపిస్తున్న సూటు మూడొందల అడుగులు. ఆ లెక్కన అందులో పాతిక మంది, మూడు నెలల పాటు.

ఈ కొలతని కేవలం క్రూరత్వం అని చదివితే సగమే చదివినట్టు. మొదటి ఓడల్లో జనం పిట్టల్లా రాలిపోయాక, బానిసత్వాన్ని కొత్త పేరుతో తెస్తున్నారని లండన్‌లో గొడవయ్యాక వచ్చిన సంస్కరణ అది. చోటు, నీళ్ళు, బియ్యం, డాక్టరు, అన్నిటికీ నియమాలు రాశారు. ప్రతి మనిషినీ అంకెగా మార్చి, ఆ అంకెకి కనీస సదుపాయం కల్పించారు. మెడలో నంబరు కొట్టిన రేకు బిళ్ళ ఒకటి. ఇప్పటి క్రూజ్‌లో కూడా ఎక్కగానే ఓ కార్డో, చేతికి బ్యాండో ఇస్తారు, గది తలుపూ దానితోనే, బిల్లూ దానితోనే. రెండూ ఒకటే అనడం లేదు. రేకు బిళ్ళతో ఏ తలుపూ తెరుచుకునేది కాదు.

ఆ ఓడలెక్కినవాళ్ళు ఎవరు? బ్రిటిష్ వలసల్లో బానిసత్వం 1834లో రద్దయి, 1838కి పూర్తిగా ముగిసింది. ఫ్రెంచి వలసల్లో 1848లో. చెరకు తోటలకి చవక మనుషులు కావలసొచ్చారు. నిజానికి ఫ్రెంచివాళ్ళు అంతకుముందే ఓ ప్రయత్నం చేశారు. 1828లో హిందూ మహాసముద్రంలోని రియూనియన్ దీవికి పదిహేను మందిని తీసుకెళ్ళారు, మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం నుంచే. పక్కనే ఉన్న కోరంగి రేవు పేరు మారిషస్‌లో తెలుగువాళ్ళందరికీ పేరైపోయింది. కరేబియన్‌కి మద్రాసు నుంచి ఓడలు 1845లో మొదలయ్యాయి. అక్కణ్ణించి 1860ల తొలిరోజుల దాకా ఒక్క బ్రిటిష్ గయానాకే సుమారు పదిహేను వేల మంది వెళ్ళారు. ఫ్రెంచి దీవులకి పాండిచ్చేరి, కారైకాల్ వైపునుంచి వెళ్ళారు. ఒరేలీ అనే ఓడ 1853 మే 6న మార్టినిక్ చేరింది. అదే ఓడ మరుసటి ఏడు డిసెంబరు 24న గ్వాడెలూప్‌లోని పాయింటా పీత్ర్ రేవులో మూడువందల పైచిలుకు మందిని దించింది. అక్క పంపిన దార్లో ఈ రెండు దీవులూ ఉన్నాయి.

మద్రాసులో అప్పటికి రేవు కట్టనే లేదు. ఓడలు లోతు నీళ్ళల్లో దూరంగా లంగరేసేవి. ఒడ్డునుంచి అక్కడికి మసూలా పడవలు, మేకుల్లేకుండా కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన పడవలు. అలల మీద ఎగిరిపడుతూ, బట్టలు తడిసి, ఓ మూట పట్టుకుని ఓడ పక్కకి చేరేవాళ్ళు. సముద్రం అంటే ఏమిటో లోతట్టు గ్రామాల నుంచి వచ్చినవాళ్ళకి ఆ అరగంటలోనే తెలిసిపోయుంటుంది. సముద్రం దాటితే కులం పోతుందని మన పెద్ద కుటుంబాల్లో దశాబ్దాల పాటు తర్జనభర్జనలు నడిచాయి. ఆ చర్చ చేసే తీరికున్నవాళ్ళు వేరు, ఓడెక్కినవాళ్ళు వేరు.

ఓడ లోపల అమరిక కూడా డెక్ ప్లానే. ముందు భాగంలో ఒంటరి మగవాళ్ళు, మధ్యలో పెళ్ళయిన జంటలూ పిల్లలూ, వెనక భాగంలో ఒంటరి ఆడవాళ్ళు. వందమంది మగవాళ్ళకి నలభైమంది ఆడవాళ్ళుండాలనే నియమం తర్వాతి కాలంలో వచ్చింది. రిక్రూటర్లు ఆ నిష్పత్తి కోసం విధవల్నీ, ఇల్లొదిలొచ్చినవాళ్ళనీ, గుళ్ళ దగ్గర, సంతల్లో దొరికినవాళ్ళనీ పోగేశారు. ఒంటరి ఆడవాళ్ళని మగవాళ్ళకి దూరంగా ఉంచడం వాళ్ళ రక్షణ కోసమే అని కాగితం మీద ఉంటుంది. కాకపోతే ఓడ వెనక భాగమే అధికారుల చోటు కూడా. నావికుల మీదా డాక్టర్ల మీదా వచ్చిన ఫిర్యాదులు వలస రికార్డుల్లో ఉన్నాయి. గయాత్రా బహదూర్ ‘కూలీ ఉమన్’ (2013) పుస్తకం మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆమె ముత్తవ్వ సుజరియా 1903లో కలకత్తా నుంచి గయానాకి వెళ్ళింది, నాలుగు నెలల గర్భంతో, ఒంటరిగా. ఆ ప్రయాణంలో ఆమెకి ఏం జరిగిందో చెప్పే కాగితం లేదు. అందుకని బహదూర్ పేజీల కొద్దీ ప్రశ్నలే రాస్తుంది, జవాబులు ఊహించి పూరించదు. ఆ నిగ్రహం వల్లే నాకు ఆ పుస్తకం మీద నమ్మకం. తలుపు లేని చోట మూడు నెలలు గడపడం అంటే ఏమిటో ఆ ప్రశ్నల్లోంచే తెలుస్తుంది.

మూడు నెలలు అంటున్నది తెరచాప ఓడల సంగతి. దక్షిణాఫ్రికా కొసన గుడ్‌హోప్ అగ్రం చుట్టి వెళ్ళాలి. అక్కడి చలికీ తుఫానుకీ భయపడి ప్రయాణపు నెలల్ని కూడా చట్టంలో రాశారు. ఆ నీళ్ళని ఉత్తరాదివాళ్ళు ‘పాగల్ సముందర్’, పిచ్చి సముద్రం, అన్నారు. దుప్పట్లు, ఉన్ని బట్టలు కొంచెం ఇచ్చేవారు. బియ్యం, పప్పు, నెయ్యి, పసుపు, మిరపకాయలు, చింతపండు, ఎండుచేపలు, పొగాకు తూకం ప్రకారం. వంటవాళ్ళని కులం చూసి పెట్టుకునేవాళ్ళు, తినేవాళ్ళు పేచీ పెట్టకుండా. తుఫానొస్తే పొయ్యి వెలగదు, ఆ పూట పొడి తిండే. ఇన్ని నియమాలున్నా 1858లో కలకత్తా నుంచి ట్రినిడాడ్ వెళ్ళిన సాల్సెట్ అనే ఓడలో 324 మంది ఎక్కితే 120 మందికి పైగా దారిలోనే చనిపోయారు. ఆ ఓడ కెప్టెన్ స్వింటన్ రాసుకున్న డైరీని అతని భార్య జేన్ మరుసటి ఏడు లండన్‌లో పుస్తకంగా తెచ్చింది. రోజువారీ చావుల లెక్క, మధ్యలో వాతావరణం. మన క్రూజ్ యాప్‌లో రోజువారీ కార్యక్రమాల జాబితా ఎంత మామూలుగా ఉంటుందో అంత మామూలుగా.

అమ్మ తయారీ జాబితా వేరే. ఆవకాయ, కారప్పొడి, పులిహోర గుజ్జు. చాలా కంపెనీలు ఇంటి వంటకాల్ని ఓడెక్కనివ్వవని చెప్తే నమ్మలేదు. సీలు వేసిన ప్యాకెట్లయితే ఫర్వాలేదని తేలాక చిక్కడపల్లి వెళ్ళి కొనుక్కొచ్చింది. బీపీ మాత్రలు చేతిసంచిలో పెట్టుకోవాలి, ఎందుకంటే పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అమెరికా వీసా ఒక్కసారి ప్రవేశానిది అయితే చాలదు, ఓడ తిరిగి మయామీకే వస్తుంది కదా. ఇంకో చిక్కు: మార్టినిక్, గ్వాడెలూప్ ఫ్రాన్సులో భాగాలే, కానీ షెంగెన్ ప్రాంతంలో లేవు. ఈ నియమం చదువుతుంటే నాకు 1861 ఒప్పందం గుర్తొచ్చింది. ఆ ఏడు జులై 1న బ్రిటన్, ఫ్రాన్సు సంతకాలు చేసుకున్నాక ఫ్రెంచివాళ్ళు బ్రిటిష్ ఇండియా మనుషుల్ని కూడా అధికారికంగా చేర్చుకోగలిగారు. ఇటునుంచి అటు వెళ్ళడానికి అప్పట్లో కాగితాల పనంతా రెండు సామ్రాజ్యాలే చూసుకున్నాయి. ఫ్రెంచి కరేబియన్‌కి ఆ వలస 1888 దాకా సాగింది.

సరదా క్రూజ్ చరిత్ర కూడా ఇదే నీళ్ళల్లో వీటికి ఎదురుపడింది. కేవలం విహారం కోసం కట్టిన మొదటి ఓడగా చెప్పేది జర్మన్ల ప్రింజెస్సిన్ విక్టోరియా లూయీజె. 1900లో నీళ్ళలోకి దిగింది. 120 కేబిన్లు, అన్నీ మొదటి తరగతివే. అది 1906 డిసెంబరు 16 రాత్రి జమైకాలో కింగ్‌స్టన్ దగ్గర రాళ్ళకెక్కి పాడైపోయింది. ప్రయాణికులంతా బతికారు, కెప్టెన్ తన కేబిన్లోకి వెళ్ళి కాల్చుకున్నాడు. జమైకాకి ఒప్పంద కూలీల వలస ఆ తర్వాత కూడా, ఇంకా కొన్నేళ్ళు, సాగింది. ఓడల్లో కేబిన్ల చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండు రకాల ఓడల్నీ ఒకే పుస్తకంలో పెట్టరు. నాకైతే ఒకే షీట్లో రెండు వరసలుగా కనిపిస్తున్నాయి, పక్క పక్కనే.

మన తెలుగు ప్రవాస కథనం మామూలుగా డాక్టర్లతో మొదలై హెచ్1బీకి వస్తుంది. దాని ముందు అధ్యాయం జారిపోవడానికి ఓ కారణం రికార్డుల్లోనే ఉంది. మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళంతా కరేబియన్‌లో ‘మద్రాసీ’లే. తమిళులెవరు, తెలుగువాళ్ళెవరు అన్నది దిగగానే అరిగిపోయింది. మారిషస్‌లో తెలుగు ఓ భాషగా, పండగగా నిలబడింది, ఇక్కడ నిలబడలేదు. గయానాలో ‘మద్రాసీ’ అంటే ఇప్పుడు ఎక్కువగా మారియమ్మ పూజ చేసేవాళ్ళని అర్థం. గ్వాడెలూప్‌లో ఆ అమ్మవారు ‘మాలియెమే’. కాపెస్తేర్‌లో షాంజీ అనే చోట రంగు రంగుల గోపురంతో ఆమె గుడి ఉంది. మా ఇంటికి నడక దూరంలో ఉన్న స్కందగిరికి ప్రతి మంగళవారం వెళ్ళే అమ్మకి ఆ గుడి ఫోటో చూపిస్తే, "ఇది మన సుబ్రహ్మణ్యస్వామి గుడి పక్క సందులో ఉన్నట్టే ఉంది," అంది. షోర్ ఎక్స్‌కర్షన్ల జాబితాలో అది లేదు. రమ్ ఫ్యాక్టరీ ఉంది, చెరకు తోట ఉంది, ‘కొలంబో’ అని పిలిచే మసాలా కూర వంట క్లాసు ఉంది. పాయింటా పీత్ర్‌లో ఓ కారు మాట్లాడుకుని వెళ్ళిరావచ్చు.

అదే కాపెస్తేర్‌లో 1863లో పుట్టినవాడు హెన్రీ సిదంబరోం. ఇంటిపేరులో చిదంబరం వినిపిస్తూనే ఉంటుంది. ఒరేలీ వచ్చి యాభై ఏళ్ళయినా, దీవిలోనే పుట్టిన భారతీయుల పిల్లల్ని ఫ్రెంచి పౌరులుగా ఒప్పుకోవడానికి అధికారులు సిద్ధంగా లేరు. వాళ్ళకి ఓటు లేదు. 1904లో సిదంబరోం దీనిమీద కోర్టుకెక్కాడు. వ్యాజ్యం పందొమ్మిదేళ్ళు సాగింది. 1923లో ఆ హక్కు వచ్చేనాటికి ఆయనకి అరవయ్యేళ్ళు.