కల్చర్ రిపోర్టులో ‘ఆర్’లు

మొన్నామధ్య కలమల్లలో ఉండే మా మామను ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఫోన్‌కి కల్చర్ రిపోర్టు పంపారు. చూస్తే మందుల పేర్ల పక్కన వరసగా ‘ఆర్’. అంటే రెసిస్టెంట్, ఆ మందుకి ఆ బాక్టీరియా లొంగదని. ఇన్ని ఆర్‌లు ఎట్లా వచ్చాయబ్బా అని కాస్త చరిత్ర తవ్వాను.

కథలో మనవాడు మొదట్లోనే ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు పెద్దగా ఉన్నప్పుడే అక్కడ డగ్గర్ తొలి టెట్రాసైక్లిన్, ఆరియోమైసిన్ కనిపెట్టాడు. 1948లో అది బయటికొచ్చింది. ఆ ఏడే సుబ్బారావు పోయారు.

తర్వాత హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీలు వెలిశాయి. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ మందు మింగే రోగి రక్తంలో కూడా అంత ఉండదు!

2010లో ఎన్‌డీఎం-1 వార్త. చెన్నై, హర్యానా, బ్రిటన్ రోగుల్లో ఈ జన్యువు కనబడింది. బ్రిటన్ వాళ్లలో కొందరు మన దేశంలోనో పాకిస్తాన్‌లోనో ఆసుపత్రిలో ఉండి వెళ్లినవాళ్లే. జన్యువు ఉండేది ప్లాస్మిడ్ మీద కాబట్టి ఒక జాతి బాక్టీరియా నుంచి ఇంకో జాతికి కాపీ-పేస్ట్ అయిపోతుంది. మనమేమో పేరులో ఢిల్లీ ఎందుకు పెట్టారని గొడవపడ్డాం.

మామ కోలుకున్నాడు, రిపోర్టులో ‘ఎస్’ అని మిగిలిన ఒకే ఒక్క మందుతో. ఊరికెళ్లి చూస్తే అత్త అలమరలో సగం వాడిన సిప్రో షీటు. నిరుడు జలుబుకి, చీటీ లేకుండా కొన్నదట. మీ ఇంట్లో కూడా ఓసారి చూడండి.