నీరే గోడ: డచ్చివారి ముంపు వ్యూహం

నెదర్లాండ్స్ నేలలో నాలుగో వంతు సముద్రమట్టానికి దిగువన ఉంది. దాన్ని కాపాడుకోవడానికి అక్కడివారు 13వ శతాబ్దం నాటికే నీటి సంఘాలు ఏర్పరచుకున్నారు. కట్టకు మన్ను ఎవరు పోయాలి, తూము ఎప్పుడు ఎత్తాలి, పన్ను ఎంత అన్నవి ఆ సంఘాలే తేల్చేవి. డచ్చి గణతంత్రం పుట్టడానికి మూడు వందల ఏళ్ల ముందే నీటికి ఒక పాలన ఉందన్నమాట. శత్రువు మీదికి నీరు వదలాలన్న ఆలోచన వచ్చినప్పుడు సేనానుల చేతికి అందివచ్చింది ఈ ఏర్పాటే.

1574లో స్పెయిన్ సేనలు లైడెన్ నగరాన్ని ముట్టడించినప్పుడు ఆరెంజ్ యువరాజు విలియం కట్టలు తెగగొట్టించాడు. గాలి వాలు మారి నీరు పెరగడానికి వారాలు పట్టింది. అక్టోబరు 3న ఆహారం నింపుకున్న పడవలు నగరం చేరాయి.

అసలు పరీక్ష 1672లో వచ్చింది. పద్నాలుగవ లూయీ సేనలు జూన్‌లో యూట్రెక్ట్ దాకా వచ్చేశాయి. హాలండ్‌కు అడ్డంగా, ఉత్తరాన మౌడెన్ నుంచి దక్షిణాన హోరిన్‌కెమ్ వరకు తూములు ఎత్తేశారు. నిలిచిన నీరు చాలాచోట్ల మోకాలి లోతు మాత్రమే. పెద్ద పడవలు తేలడానికి అది చాలదు. నడిచి దాటుదామంటే అడుగున ఏది పొలమో ఏది కాలువో తెలియదు. ఆ లోతును నిలపడంలోనే వ్యూహమంతా ఉంది. విజయగాథలు అంతగా చెప్పని సంగతి మరొకటుంది. మునిగినవి రైతుల పచ్చికబయళ్లు. ఉప్పునీరు పారిన నేల ఏళ్ల తరబడి కోలుకోదు. కొన్నిచోట్ల రైతులు తూములకు అడ్డుపడితే సైనికులను కాపలా పెట్టి ముంచవలసి వచ్చింది. అందరూ మనసారా త్యాగం చేశారనడం చరిత్రను తీపి చేయడమే.

ఈ గోడకు శత్రువు చలి. ఆ డిసెంబరులో ఫ్రెంచి సేనాని లక్సెంబర్గ్ గడ్డకట్టిన నీటి మీదుగా బయలుదేరాడు. మంచు కరగడంతో హేగ్ చేరలేకపోయాడు. బోడెహ్రావెన్, స్వామర్‌డామ్ ఊళ్లు మాత్రం తగలబడ్డాయి. 1795 జనవరిలో అటువంటి అదృష్టం కలగలేదు. పిషెగ్రూ సేనలు గడ్డకట్టిన నదులు దాటి వచ్చాయి. అయిదవ విలియం పడవెక్కి ఇంగ్లండుకు పారిపోయాడు. పాత గణతంత్రం కూలిపోయింది.

పందొమ్మిదో శతాబ్దంలో కోటలు కట్టి ఈ రేఖను కొత్తగా బలపరిచారు. 1940 మే నెలలో జర్మన్ పారాట్రూపర్లు దాని మీదుగా ఎగిరి వెనుక దిగారు. రాటర్‌డామ్‌పై బాంబులు పడ్డ మే 14నే డచ్చి సేనాధిపతి లొంగుబాటు ప్రకటించాడు.

1945 ఏప్రిల్‌లో, ఓటమి అంచున, జర్మన్లే వీరింగర్‌మేర్ కట్టను పేల్చి ఆ ప్రాంతాన్ని ముంచేశారు. ఏడాది ముగిసేలోగా డచ్చివారు ఆ నీరంతా తోడేశారు. మరుసటి ఏడు అక్కడ మళ్లీ విత్తనాలు పడ్డాయి.