వ్యక్తిగత అభ్యసన వేదిక

ఒక కోర్సుకు కావలసిన పాఠాలు, పుస్తకాలు, నోట్సు, తోటివారితో చర్చ అన్నిటినీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే పనిముట్లతో విద్యార్థి తనకు తానుగా అమర్చుకునే ఏర్పాటే వ్యక్తిగత అభ్యసన వేదిక. విద్యారంగంలో దీన్ని పీఎల్ఈ అని పిలుస్తారు. ఇది ఏదో ఒక కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ కాదు. ఒకరి వేదికలో యూట్యూబ్ చానళ్లు, గూగుల్ డాక్స్ ఉంటాయి. మరొకరు పుస్తకాల వివరాలు భద్రపరిచే జోటెరో, కార్డులతో గుర్తుపెట్టుకోవడానికి తోడ్పడే ఆంకి, వికీపీడియాలతో సరిపెట్టుకుంటారు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకునేది చదివేవాళ్లే.

ఈ ఆలోచన పుట్టడానికి కారణం కాలేజీలు నడిపే అభ్యసన నిర్వహణ వ్యవస్థలు. వాటిలో బాగా వ్యాపించిన మూడుల్‌ను ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో మార్టిన్ డుగియామస్ రూపొందించారు. తొలి వెర్షన్ 2002 ఆగస్టులో విడుదలైంది. అది కూడా ఉచితమే, ఎవరైనా తమ అవసరం మేరకు మార్చుకోవచ్చు. అసైన్‌మెంట్లు తీసుకోవడానికి, మార్కులు వేయడానికి, ఎవరు ఎంతవరకు చదివారో చూసుకోవడానికి అధ్యాపకులకు అది చాలా అనువైనది. చిక్కల్లా కోర్సు అయిపోయాకే వస్తుంది. కాలేజీ లాగిన్ ఆపేసిందంటే, విద్యార్థి ఏడాది పాటు చర్చల్లో రాసిందంతా లోపలే ఉండిపోతుంది. చదువు విద్యార్థిది, తాళం చెవి మాత్రం సంస్థది. 2000ల మధ్యలో బ్రిటన్‌లో విద్యా సాంకేతికత మీద పనిచేస్తున్నవారు ఈ లోటును పట్టుకున్నారు. వారిలో ఒకరైన స్కాట్ విల్సన్ 2005లో గీసిన ఒక రేఖాచిత్రం చాలామంది దృష్టికి వచ్చింది. అందులో మధ్యన ఉన్నది కాలేజీ సర్వర్ కాదు, విద్యార్థి సొంత వేదిక. చుట్టూ రకరకాల వెబ్ సేవలు. విశ్వవిద్యాలయం వాటిలో ఒకటి, అంతే.

బొమ్మలో ఉన్నది ఆచరణలోకి రావడానికి తోడ్పడింది ఆర్ఎస్ఎస్. ఒక వెబ్‌సైటులో కొత్తగా చేరిన వ్యాసాల శీర్షిక, లంకె, తేదీ వంటి వివరాలతో ఆ సైటే తయారుచేసే చిన్న ఫైలు ఇది. రీడర్ అనే ప్రోగ్రాం కొంతసేపటికొకసారి ఆ ఫైళ్లను చూసి, కొత్తవాటిని ఒకచోట పేర్చి పెడుతుంది. యాభై సైట్లు తిరగవలసినవారు ఒక్క పేజీ తెరిస్తే చాలు. నెట్‌లోని తెలుగు రాతలను ఒక్కచోటికి చేర్చిన కూడలి కూడా ఈ పద్ధతి మీదే నడిచింది. 2005లో పారిస్‌లో మొదలైన నెట్‌వైబ్స్, అదే ఏడాది వచ్చిన గూగుల్ రీడర్, తర్వాత ఐగూగుల్‌గా పేరు మార్చుకున్న గూగుల్ సొంత ముఖపేజీ అప్పటి విద్యార్థులకు చేతికందిన సాధనాలు.

ఒక కోర్సు మొత్తాన్ని ఇలా విడివిడి వేదికల మీద నడపవచ్చని చూపింది కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం. 2008 శరత్కాలంలో జార్జ్ సీమెన్స్, స్టీఫెన్ డౌన్స్ కనెక్టివిజం మీద, అంటే మనుషుల, వనరుల మధ్య అనుసంధానాల ద్వారానే చదువు సాగుతుందనే సిద్ధాంతం మీద, అక్కడ ఒక కోర్సు చెప్పారు. ఫీజు కట్టి చేరినవారు సుమారు 25 మంది. ఉచితంగా నెట్‌లో చేరినవారు 2,200 పైచిలుకు. అంతమందినీ ఒకే గదిలోకి పిలవాలని వాళ్లు అనుకోలేదు. ఎవరికి నచ్చిన చోట వాళ్లు రాసుకోవచ్చు, రాసినదానికి కోర్సు గుర్తును తగిలిస్తే సరిపోతుంది. డౌన్స్ తానే రాసిన జీఆర్ఎస్ఎస్ షాపర్ అనే ప్రోగ్రాం ఆ రాతలను ఏరుకొచ్చి, రోజువారీ ఉత్తరంగా అందరికీ పంపేది. ఈ కోర్సు గురించి మాట్లాడుకుంటున్నప్పుడే మూక్ (ఎందరైనా చేరగల భారీ ఆన్‌లైన్ కోర్సు) అనే మాట పుట్టింది. ఇప్పుడు మూక్ అంటే అందరికీ ఒకే వీడియో, ఒకే క్విజ్ అనే అర్థం స్థిరపడిపోయింది. దాని మొదటి రూపం మాత్రం ఇందుకు పూర్తిగా భిన్నమైనది, ఈ సంగతి మరుగున పడిపోవడం విచారకరం.

ఆ కోర్సుకు మరో పార్శ్వమూ ఉంది. అందులో పాల్గొన్న జెన్నీ మాక్‌నెస్, జాన్ మాక్, రాయ్ విలియమ్స్ 2010లో ప్రచురించిన పరిశీలనలో స్వేచ్ఛ, వైవిధ్యం పెరిగేకొద్దీ దారీ తెన్నూ తెలియక, చెయ్యందించేవారు లేక ఇబ్బందిపడినవారు కనిపించారు. పనిముట్లు అప్పగించి మీ చదువు మీరు కట్టుకోండి అంటే కొత్తవాళ్లకు చేతకాదు. మొదట్లో ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిందే.

చిన్న తరగతుల్లో వెండీ డ్రెక్స్‌లర్ చేసిన పని ఇందుకు మంచి జవాబు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఏడో తరగతి సైన్సు పిల్లలతో ఆమె సింబాలూ అనే ఉచిత సైటు మీద వేదికలు కట్టించారు. తెర నిండా చదరపు గళ్లు ఉంటాయి, ఒక్కో గడి ఒక్కో సైటుకు దారి. పిల్లలు విషజీవుల గురించి వెతుకుతూ, దొరికిన సైటు నమ్మదగినదో కాదో తేల్చుకుని, తమ గళ్లలో పెట్టుకున్నారు. ఎలా వెతకాలి, దేన్ని నమ్మాలి అన్నది టీచరు దగ్గరుండి నేర్పేవారు. 2010లో ఆమె ఈ నమూనాను పరిశోధన వ్యాసంగా వెలువరించారు.

వర్జీనియాలోని మేరీ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం మరో అడుగు ముందుకు వేసింది. జిమ్ గ్రూమ్, ఆయన సహచరులు 2012లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత విస్తరించిన పథకంలో విద్యార్థికి సొంత వెబ్ చిరునామా, దానికి కొంత చోటు విశ్వవిద్యాలయం ఖర్చుతోనే లభిస్తాయి. డిగ్రీ చేతికొచ్చాక ఆ సైటును మూటగట్టుకుని తీసుకెళ్లవచ్చు.

తీసుకెళ్లగలగడం ఎంత అవసరమో ఉచిత సేవల చరిత్ర చూస్తే తెలుస్తుంది. నింగ్ అనే సేవలో ఎందరో ఉపాధ్యాయులు తరగతి బృందాలు పెట్టుకున్నారు. 2010లో అది ఉచిత సేవ ఆపేసింది. గూగుల్ రీడర్ 2013 జులై 1న, ఐగూగుల్ అదే ఏడాది నవంబరు 1న మూతపడ్డాయి. బడుల్లో విరివిగా వాడిన వికీస్పేసెస్ 2018లో మూతపడటం మొదలైంది. నల్లబల్లకు బదులుగా వాడుకున్న గూగుల్ జామ్‌బోర్డు 2024 చివర్లో పోయింది. గూగుల్ రీడర్ వాడినవారు మాత్రం పెద్దగా నష్టపోలేదు. తాము చదివే సైట్ల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా దించుకుని ఫీడ్లీ లాంటి మరో రీడర్‌లో వేసుకున్నారు. అందుకే ఉచితమా కాదా అని అడగడం కన్నా, పెట్టినదాన్ని వెనక్కి తీసుకోవచ్చా అని అడగడం ముఖ్యం. ఏదైనా సేవలో ఖాతా తెరిచేముందు ఎగుమతి సదుపాయం ఎక్కడుందో చూసుకోవడం విద్యార్థికి అలవాటు కావాలి.

తెలుగు సాహిత్యం చదివే ఎంఏ విద్యార్థికి ఇప్పుడు దొరికేవి తక్కువేమీ కాదు. ఆంధ్రభారతి సైటులో శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు, సూర్యరాయాంధ్ర నిఘంటువులను ఒకేసారి వెతకవచ్చు. భారత డిజిటల్ లైబ్రరీ కోసం స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. దించుకున్న పుస్తకాల వివరాలను 2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జోటెరోలో తెలుగు లిపిలోనే భద్రపరచవచ్చు. దాని సర్వర్‌లో ఉచితంగా ఇచ్చేది 300 మెగాబైట్లే. స్కాన్ పుస్తకాలు నాలుగైదు పెడితే నిండిపోతుంది కాబట్టి ఫైళ్లను సొంత కంప్యూటర్‌లోనే ఉంచుకుని, జాబితాను మాత్రం సర్వర్‌కు పంపడం మేలు.

ఛందస్సుకు ఆంకి సరిగ్గా సరిపోతుంది. కార్డుకు ఒకవైపు ఉత్పలమాల అని, రెండోవైపు భ ర న భ భ ర వ, యతి పదో అక్షరం అని రాసుకోవాలి. మరో కార్డు మీద చంపకమాల, న జ భ జ జ జ ర, యతి పదకొండో అక్షరం. గుర్తుకొచ్చిన కార్డు రోజులు గడిచేకొద్దీ ఇంకా ఎడంగా కనిపిస్తుంది, మరిచిపోయింది వెంటనే తిరిగొస్తుంది. కంప్యూటర్‌లోనూ, ఆండ్రాయిడ్ ఫోన్లోనూ ఇది ఉచితం. ఐఫోన్ యాప్‌కు మాత్రం డబ్బు కట్టాలి.

చదివినదాన్ని నలుగురికీ పనికొచ్చేలా మలిచే చోటు తెలుగు వికీసోర్స్. అక్కడ స్కాన్ చేసిన పుట ఒకవైపు, టైపు చేసిన పాఠం మరోవైపు ఉంటాయి. అచ్చుతప్పులు, అరసున్నలు, బండిరాలు సరిచూసి భద్రపరిస్తే పుట రంగు ఎరుపు నుంచి పసుపుకు మారుతుంది. ఆకుపచ్చగా మారాలంటే మొదట దిద్దినవారు కాక మరొకరు దాన్ని సరిచూడాలి. ఎవరు ఎప్పుడు ఏ అక్షరం దిద్దారో చరిత్ర పేజీలో నమోదవుతుంది. అసైన్‌మెంటుకు మార్కులు వేసే అధ్యాపకులు దాన్ని నేరుగా చూడవచ్చు.